నలభై రివెట్లు

మొదటి దెబ్బకి పడవ మోగింది. రెండో దెబ్బకి రామాంజినప్ప అరిచాడు.

గుండ్ల చెరువు కట్ట కింద, పొద్దున ఎనిమిది గంటల ఎండలో పిల్లప్ప ఇనప రాడ్డు ఎత్తి దించుతున్నాడు. మునెప్ప మోకాళ్ల మీద కూర్చుని, రామాంజినప్ప మణికట్టును పడవ అంచు మీద అదిమి పట్టుకున్నాడు. మొదటి దెబ్బ గురి తప్పి అల్యూమినియం రేకు మీద పడింది. ఆ మోతకి నీళ్ల మీది కొంగలు ఒక్కసారిగా లేచిపోయాయి. రెండోది వేళ్ల మీద పడింది. మూడోదీ అక్కడే పడింది.

"చాల్లేప్పా," అన్నాడు మునెప్ప మొహం పక్కకి తిప్పుకుని.

పిల్లప్ప రాడ్డు కింద పడేసి, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. చెమట పట్టింది, అంతే. రామాంజినప్ప కుడిచేతిని పొట్టలోకి ముడుచుకుని బురదలో కూలబడ్డాడు. అరుపు ఆగిపోయి ముక్కుతో ఊపిరి పీలుస్తున్నాడు. తెల్లారుజామున అతను వేసిన వలలో చిక్కిన జిలేబి చేపలు పడవ అడుగున ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

కట్ట మీద జీపుకి ఆనుకుని వెంకటగిరియప్ప చూస్తున్నాడు. ఆ ఏడాదికి చెరువులో చేపల హక్కు వేలంలో పాడుకున్నది అతనే. తాతల నాటి నుంచీ ఆ చెరువు మీద బతికిన పదకొండు ఇళ్లవాళ్లకీ చేపలు పట్టొద్దని ఒకసారి చెప్పించాడు, రెండోసారి వలలు కోయించాడు. ఇది మూడోసారి.

"పడవ?" అని కింది నుంచి అడిగాడు పిల్లప్ప.

"పగలగొట్టండి."

గడ్డపారలతో పదినిమిషాలు పట్టింది. పద్నాలుగడుగుల పడవ. కుడి పక్క రేకు లోపలికి కుంగిపోయింది, అడుగున రెండుచోట్ల చీలింది, వెనక చెక్క విరిగి వేలాడింది. కట్ట మీద గంపలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. మునెప్ప కిరసనాయిలు డబ్బా తేబోతుంటే వెంకటగిరియప్ప చెయ్యెత్తాడు. మెల్లగా దిగి వచ్చి, చెప్పులకి బురద అంటకుండా రాళ్ల మీద అడుగులు వేస్తూ పడవ చుట్టూ తిరిగాడు. వేలి కణుపులతో రేకు మీద కొట్టి విన్నాడు.

"ఇది యాడిదిరా వీడికి?"

"మిలిట్రీవాళ్లు వేలం వేసినారంట అన్నా, పాత సామాన్ల గుజరీలో తెచ్చుకున్యాడు," అన్నాడు మునెప్ప.

"మంచి రేకు. పిల్లప్పా, నువ్వు బస్ బాడీ షెడ్డులో చేసినోడివి గదా?"

"ఎనిమిదేండ్లు చేస్తి అన్నా."

"అట్లయితే దీన్ని బాగు చెయ్యి. ఇంజను పెడదాం. ఈ చెరువులో ఎవడు యాడ వల వేసినా, వాడు దాన్ని లాక్కునేలోపల నేను వాడి దగ్గర ఉండాల."

పగలగొట్టించిన మనిషి పగలగొట్టిన మనిషినే బాగు చెయ్యమంటున్నాడు. అందులో తప్పు పిల్లప్పకి కనపడలేదు. "అయితాది అన్నా," అన్నాడు.

కట్ట చివర చేపల మేత దాచే షెడ్డు ఉంది. మేత మూటలు ఒక మూలకి నెట్టి, పడవని అక్కడికి మోయించాడు. ఆ మధ్యాహ్నమే ఓల్డ్ మద్రాస్ రోడ్డులోని పాత షెడ్డుకి పోయి, ఇంకా అక్కడే పనిచేస్తున్న మేస్త్రీని అడిగి డ్రిల్లు, రేకు కత్తెర, కొయ్యసుత్తి, రివెట్ల సంచీ ఎరువు తెచ్చుకున్నాడు. రైల్వే స్టేషను దగ్గర తీగల వంతెన పనికి రోడ్డంతా తవ్వేసి ఉంది. సామాను భుజాన వేసుకుని ఆ దుమ్ములో నడుస్తుంటే, ఆరేళ్ల కింద రోజూ నడిచిన దారి ఇదే గదా అనిపించింది. షెడ్డు యజమాని పనివాళ్లని తగ్గించినప్పుడు అందరికంటే ముందు తీసేసింది పిల్లప్పనే. కాంట్రాక్టర్లకి అతని చేతుల్లోని పనికంటే భుజాల వెడల్పే ఎక్కువ నచ్చింది.

రెండు రోజులు ఒక్కడే పనిచేశాడు. తుంగ, నాచు గీకాడు. రేకు మీద తెల్లగా పొడి కట్టిన చోటల్లా తీగ బ్రష్షుతో రుద్ది, మెరుపు వచ్చేదాకా చూశాడు. సొట్ట కింద ఇసుక మూట పెట్టి కొయ్యసుత్తితో తట్టాడు. సొట్టని నడిమిట్లో కొడితే రేకు సాగి ఉబ్బుతుంది. అంచుల నుంచి మొదలుపెట్టి గుండ్రంగా తిరుగుతూ లోపలికి రావాలి, తొందరపడకూడదు. ఆ సంగతి ఎవరూ గుర్తుచెయ్యకుండానే చేతులు చేసుకుపోతున్నాయి. కుంగిన పక్క మెల్లమెల్లగా పైకి లేచి పడవ ఆకారంలోకి వస్తుంటే పిల్లప్పకి ఆకలి కూడా తెలియలేదు.

అంచు దగ్గర రాడ్డు పడిన గాడి ఒకటి ఉంది. దాని పక్కన అతుకు సందులో గోధుమ రంగు మరక ఎండిపోయి ఉంది. తడిగుడ్డకి పోలేదు. చింతపండు, ఇసుక కలిపి తోమాడు. సందులో కొంచెం మిగిలే ఉంది. దాన్ని వదిలేసి రెండో పక్కకి పోయాడు.

చిక్కు రివెట్ల దగ్గర వచ్చింది. చీలిన చోట కొత్త రేకు పెట్టి రివెట్టు కొట్టాలంటే ఇద్దరు కావాలి. బయటివాడు తల మీద సుత్తితో కొడతాడు. లోపలివాడు ఇనపదిమ్మెని తోకకి అదిమి పడతాడు. బస్ బాడీ షెడ్డులో ఆ దిమ్మెని డాలీ అంటారు. దాని మీద నలిగి తోక గుండీలాగా పరుచుకుంటేనే రెండు రేకులూ కరుచుకుంటాయి. మునెప్పని డాలీ పట్టుకోమన్నాడు. సుత్తి పడ్డ ప్రతిసారీ మునెప్ప చెయ్యి వెనక్కి పోయింది. తొమ్మిది రివెట్లు కొడితే తొమ్మిదీ పక్కకి ఒరిగాయి. పదో దానికి పిల్లప్ప లేచి వచ్చి వెనకచేత్తో మొహం మీద కొట్టాడు. మునెప్ప ముక్కు నుంచి నెత్తురు మేత మూటల మీద కారింది.

"పనికిమాలినోడా! సుత్తికే భయపడేవాడివి మనుషుల్ని ఎట్లా పట్టుకుంటావురా?"

మునెప్ప ముక్కు పట్టుకుని బయటికి పోయినవాడు మళ్లీ లోపలికి రాలేదు.

మూడో రోజు కదిరమ్మ వచ్చింది. రామాంజినప్ప పెళ్లాం. నలభై దాటిన ఎముకల మనిషి, కొంగు నడుముకి బిగించి కట్టింది. షెడ్డు బయట వెంకటగిరియప్ప కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె పది అడుగుల దూరంలో ఆగింది.

"వలలు ఇచ్చేయి సామీ. పడవ ఎట్లాగూ పోయె. వలలన్నా ఇస్తే వేరే చెరువుకి పోయి బతుకుతాం."

"నీ మొగుడు ఎట్లుండాడు?"

"ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేసినారు."

షెడ్డులోంచి ఆ మాట పిల్లప్ప విన్నాడు. డాలీ పట్టడం మునెప్పకి చేతకాలేదని పొద్దునే విన్న వెంకటగిరియప్పకి ఏదో తోచింది. నవ్వాడు.

"ఈ పడవకి మాట్లు వేసేటప్పుడు నీ మొగుడికి సాయం ఎవరు పట్టేవాళ్లు?"

"నేనే."

"అయితే లోపలికి పో. పిల్లప్పకి సాయం పట్టు. పని అయినంక వలలు తీసుకొని పో."

కదిరమ్మ చెప్పులు విడిచి షెడ్డులోకి వచ్చింది. పిల్లప్ప మొహం వంక చూడలేదు. బోర్లించిన పడవని చూసింది, దాని మీద చెయ్యి పెట్టి ముక్కు నుంచి వెనకదాకా ఒకసారి నిమిరింది. డాలీ తీసుకుని, దుంగల మీద నిలిపిన పడవ కిందికి పాకి పోయింది.

అప్పటి నుంచి వాళ్లిద్దరి మధ్య రేకే. ఆమె లోపల చీకట్లో వెల్లకిలా పడుకుని డాలీ అదుముతుంది, ఇతను పైన కొడతాడు. షెడ్డు పద్ధతి చెప్పాడు: రివెట్టు సరిగ్గా పరుచుకుంటే రేకు మీద ఒకసారి తట్టాలి, ఇంకో దెబ్బ కావాలంటే రెండుసార్లు. ఆమె డాలీ సర్దుకుంది. మొదటి రివెట్టుకి రెండుసార్లు తట్టింది. కొట్టాడు. ఒకసారి తట్టింది. వంగి సందులోంచి చూశాడు. తోక గుండ్రంగా, చదునుగా కూర్చుంది. బస్ బాడీ షెడ్డులో ఏళ్ల తరబడి చేసినవాళ్లు కూడా ప్రతిసారీ అలా పట్టలేరు.

మధ్యాహ్నానికి రేకు కాలిపోతోంది. కింద నుంచి ఆమె దగ్గు వినిపించింది.

"నీళ్లు కావల్నా?" అన్నాడు.

"వద్దు."

"ఏ వేళ్లు?" అన్నాడు కాసేపటికి. ఎందుకు అడిగాడో అతనికే తెలియదు.

"చిటికెన వేలూ, దాని పక్కదీ," అంది కదిరమ్మ లోపల్నుంచి. "నీకు తెలీదా? నువ్వు చూసే కొడితివి గదా."

పిల్లప్ప రివెట్టు పెట్టి కొట్టాడు. నాలుగు దెబ్బలు చాలు, ఆరు కొట్టాడు. రివెట్టు తల పగిలింది. దాన్ని డ్రిల్లుతో తీసి వేరేది వేయాల్సి వచ్చింది.

నాలుగో రోజుకి చీలికలు రెండూ మూసుకుపోయాయి. వెనక విరిగిన చెక్క తీసేసి మద్దిచెక్క బిగించారు. బొమ్మసంద్ర నుంచి ఒక మెకానిక్కు పాత డీజిలు ఇంజను, పొడుగాటి ఇరుసు, చిన్న రెక్కల చక్రం తెచ్చి షెడ్డు బయట దిమ్మె మీద బిగించి పరీక్ష మొదలుపెట్టాడు. అది రోజంతా దబదబ కొట్టుకుంటూనే ఉంది. దాని మోతలో సుత్తి చప్పుడు సుత్తి కొట్టేవాడికే వినపడలేదు.

ఆ మోత నడుమనే వెంకటగిరియప్ప ఆటోలోంచి ఒక ఇనుప సామాను దింపించాడు. రెండు లావుపాటి యాంగిళ్లు ముక్కులా కలిపి వెల్డింగు చేసినది, ముందు భాగం కత్తిలా సాన పట్టినది.

"ఇది ముందర బిగించాల," అన్నాడు అరుస్తూ.

"ఎందుకన్నా? అల్యూమినియానికి ఇనుము తగిలితే రేకు తినేస్తాది. నడుమ రబ్బరు వెయ్యాల."

"ఏమన్నా వెయ్యి. వలకి తగిలితే వల తెగాల. పుట్టికి తగిలితే..." అని ఎడమ అరచేతిని దోనెలా పట్టి, కుడి పిడికిలితో కింద నుంచి గుద్ది బోర్లా తిప్పి చూపించాడు. "రెండు పుట్లు తిరగబడితే మూడోది నీళ్లలోకి రాదు. ఆదివారం పొద్దున నేనూ నువ్వూ పోదాం. ఏందిరా మొహం అట్లా పెట్టినావు? ఈత రాదనా? ఆనేకల్ మగ్గాల వీధోడా! ఇంత గట్టి పడవ ఉండంగా నీకు ఈత ఏల?"

చెరువువాళ్ల గుండ్రటి పుట్టిలో ఎప్పుడూ ఇద్దరు ఉంటారు. మగాడు తెడ్డు వేస్తే ఆడది వల తీస్తుంది, కొందరు చంటిపిల్లల్ని కూడా ఒళ్లో పెట్టుకుంటారు. పిల్లప్ప ఆ మాట అనలేదు. బోర్లించిన పడవ కింద కదిరమ్మ పాదాలు రెండూ వెలుతురులోకి చాపి ఉన్నాయి. ఆ పాదాలు కదలకుండా ఆగి ఉన్నాయి. వెంకటగిరియప్ప వెళ్లినంక ఆమె లోపల్నుంచి రేకు మీద ఒకసారి తట్టింది. పని సాగనివ్వమని.

ఆ సాయంత్రం దాకా, పాత రివెట్లు వదులైపోయిన నడిమి అతుకు మీద కొత్త వరస కొట్టారు. అడుగు రేకులు రెండూ కలిసే చోటు అది, పడవ బరువంతా దాని మీదే ఉంటుంది. ఇంజను మోతలో పిల్లప్పకి ఏమీ వినపడలేదు, రేకు మీది చేతికి ఆమె తట్టు మాత్రం తెలిసింది. కొట్టాడు, ఆమె తట్టింది. కొట్టాడు, తట్టింది. ప్రతిదానికీ ఒక్కసారే.

శనివారం పొద్దున మునెప్పనీ ఇంకో ఇద్దరినీ పిలిచి పడవని వెల్లకిలా తిప్పించి, లోపల పది బిందెల నీళ్లు పోశాడు. కారేదీ లేనిదీ తెలిసేది అలాగే. తర్వాత కింద దూరి చూశాడు. మాట్లు వేసిన చోట్ల ఒక్క చుక్క లేదు. నడిమి అతుకు పొడుగునా, దండ గుచ్చినట్టు, నీటిబొట్లు వరసగా వేలాడుతున్నాయి.

నీళ్లు తోడేసి లోపలికి వంగి చూశాడు. తోకలు పరుచుకోలేదు. కొన్ని పక్కకి ఒరిగాయి, కొన్ని తాకీ తాకనట్టు నలిగాయి. గోరు పెడితే కిందికి దూరిపోతోంది. ఒక్కొక్కటీ తడుముతూ లెక్కపెట్టాడు. నలభై. కదిరమ్మ డాలీ వేలెడు దూరంలో పట్టుకుని, ఒక్కొక్క దానికీ సరిపోయిందని తట్టింది. కట్ట దగ్గర నీళ్లలో అది నిలుస్తుంది. నడి చెరువులో, ఇటుకల కోసం మట్టి తవ్విన లోతు గుంతల మీదికి పోయాక, ఇంజను అదురుకి ఆ వరస మొత్తం విచ్చుకుంటుంది.

కదిరమ్మ ఎప్పటిలాగే వచ్చి చెప్పులు విడిచింది. పడవ వెల్లకిలా ఉండటం చూసింది.

పిల్లప్ప ఒక్క అంగలో ఆమె మీదికి పోయి కొప్పు పట్టుకుని పడవలోకి వంచాడు. ఆమె నుదురు అంచుకి తగిలింది. రెండో చేతిలో సుత్తి ఉంది.

"చూడు! ఎన్ని ఉండాయో నువ్వే చెప్పు! నన్ను చంపాలనే గదా?"

"నిన్నూ, ఆయప్పనీ. ఇద్దరినీ," అంది కదిరమ్మ. నుదుటి నెత్తురు కంట్లోకి దిగుతుంటే కన్ను చికిలించింది. విడిపించుకోవడానికి ప్రయత్నించలేదు. "కొట్టు. ఆ పొద్దు నేను కట్ట మీదే ఉంటి. మా ఆయన అరిచింది నాకిప్పుడు గుర్తు లేదు. కొట్టినాక నువ్వు చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటివి. అన్నం తిని తుడుచుకున్నట్టు. అన్నం కలిపినప్పుడల్లా నాకు అదే కనపడతా ఉండాది."

సుత్తి చేతిలో బరువుగా ఉంది. పిల్లప్ప వేళ్ల సందున ఆమె వెంట్రుకలు చెమటకి అతుక్కుని ఉన్నాయి. వాటిని వదిలించుకోవాల్సి వచ్చింది. వదిలించుకుని, తెలియకుండానే ఆ చేతిని నడుము దగ్గరికి తీసుకుపోయి, సగంలో ఆపాడు. ఎక్కడ పెట్టాలో తోచలేదు.

కాసేపటికి డ్రిల్లు తీసుకున్నాడు. పడవ కింద దూరి మొదటి రివెట్టు తల నడిమిట్లో గుచ్చి తొలిచాడు, సూదికడ్డీ పెట్టి ఒక్క దెబ్బకి ఊడగొట్టాడు. రెండోది. మూడోది. కదిరమ్మ గోడకి ఆనుకుని కొంగుతో నుదురు అదుముకుని చూస్తోంది. నలభై ఊడేసరికి ఎండ షెడ్డు గడప దాటింది. అతుకు పొడుగునా నలభై రంధ్రాల్లోంచి వెలుతురు నేల మీద చుక్కలుగా పడింది.

"ఇప్పుడు సరిగ్గా పట్టు," అన్నాడు డాలీ ఆమె వైపు చాపి.

"పట్టను."

"వలలు వద్దా?"

"వలలు తీసుకుని యాడికి పోవాల? ఆ ఇనప ముక్కుకి మా వదినె పుట్టి తిరగబడితే, ఆ రివెట్లు నేనే పట్టినానని వాళ్లకి ఏం చెప్పాల?"

పిల్లప్ప డాలీ కింద పెట్టాడు. మూలన ఆనించిన ఇనప ముక్కు వైపు చూశాడు. దానికి రబ్బరు కొలత తీసి కోసి పెట్టింది తనే.

వెంకటగిరియప్ప అప్పుడే వచ్చాడు, వెనక మునెప్ప. పడవలోకి తొంగి చూసి, వరసగా రంధ్రాలు చూసి ఆగిపోయాడు.

"ఏందిది? రేపు పోవాలంటి గదా?"

"తప్పు కొట్టినా అన్నా. మళ్లా కొట్టాల."

"ఎనిమిదేండ్లు చేసినోడివి. నలభై తప్పు కొట్టినావా?" గోడ దగ్గర కదిరమ్మనీ, ఆమె నుదుటి గాయాన్నీ చూశాడు. చూసేసరికి అతనికి అర్థమైంది. "ఓహో. నీళ్లలో ముంచాలనుకున్యావా నన్ను?"

"అవును," అంది కదిరమ్మ.

వెంకటగిరియప్ప ఇంజను నుంచి తీసిన పాత రబ్బరు బెల్టు అందుకుని మొదట పిల్లప్పని కొట్టాడు. చెంప మీద ఒకటి, మెడ మీద రెండు. "ఆడది పక్కనుండి మోసం చేస్తా ఉంటే ఏం చేస్తా ఉంటివిరా!" పిల్లప్ప నిలబడి దెబ్బలు తిన్నాడు. కూలి తీసుకునేవాడు తినాల్సినవే అనుకున్నాడు. తర్వాత వెంకటగిరియప్ప బెల్టు పారేసి, గోడకున్న రాడ్డు తీసి పిల్లప్ప చేతిలో పెట్టాడు.

"మునెప్పా, దాని చెయ్యి అంచు మీద పెట్టు. కుడిచెయ్యి. మొగుడికీ పెండ్లానికీ సమానం కావాల."

మునెప్ప ఆమె మణికట్టు పట్టి లాగాడు. అప్పటిదాకా మాట్లాడిన కదిరమ్మ గొంతులోంచి మొదటిసారి సన్నని శబ్దం వచ్చింది. చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, మడమలు నేల మీద జారాయి. మునెప్ప మోకాలితో ఆమె మోచెయ్యి తొక్కి పట్టి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పిల్లప్ప రాడ్డు ఎత్తాడు. భుజం దానంతటదే లేచింది. దించాడు.

ఎముక విరిగింది మునెప్పది. మోచేతికి కింద. మునెప్ప అరవకుండా విరిగిన చోటునే చూస్తూ కూర్చుండిపోయాడు. వెంకటగిరియప్ప "ఏయ్" అని అడుగు వెనక్కి వేస్తుండగా రెండో దెబ్బ అతని మోకాలి మీద పడింది. కింద పడ్డాక భుజం మీద మూడోది. నాలుగో దెబ్బకి రాడ్డు ఎత్తి, పిల్లప్ప ఆగాడు.

ఆగింది జాలి పుట్టి కాదు. తన చెయ్యి తనకి తెలిసింది. రామాంజినప్పని కొట్టినప్పుడు ఎంత తేలికగా దిగిందో ఇప్పుడూ అంతే తేలికగా దిగింది. అదే పట్టు, అదే ఊపు. ఎవరి ఎముక అన్న తేడా దానికి తెలియలేదు. రాడ్డు మెల్లగా దించాడు. బయటికి నడిచాడు.

తిరిగి లోపలికి పోలేదు. రాడ్డు పట్టుకునే కట్ట ఎక్కాడు, చెరువు మలుపు తిరిగాడు, పెద్ద రోడ్డు మీద లారీల పక్కగా పోలీసు స్టేషను దాకా నడిచాడు. దారిలో జనం తప్పుకున్నారు.

ఎస్సై బల్ల మీద రాడ్డు పెట్టి, జరిగింది చెప్పాడు. ఎస్సై అప్పటికే ఫోన్లో సగం విని ఉన్నాడు.

"వెంకటగిరియప్ప మనుషులు చెప్పినారు. కూర్చో, రాసుకుంటాం."

"ఇది ఒకటే కాదు సార్. పోయిన మంగళవారం రామాంజినప్ప చెయ్యి విరగ్గొట్టింది కూడా నేనే. అదీ రాయండి. కొట్టమన్నది ఆయప్పే."

ఎస్సై పెన్ను మూత పెట్టాడు. "రామాంజినప్ప అని ఎవరూ కంప్లెయింటు ఇయ్యలేదే. ఆసుపత్రిలో బండమీద జారి పడితినని చెప్పినాడంట. లేని కేసు నెత్తిన ఏల ఏసుకుంటావయ్యా? సుమ్నే, ఊరికే కూర్చో."

బెంచీ మీద కూర్చున్నాడు. మెడ మీద బెల్టు వాతలు ఉబ్బి కాలర్ తగిలినప్పుడల్లా మండుతున్నాయి. మధ్యాహ్నం పోయింది. ఎవరో టీ ఇచ్చారు. తాగి గ్లాసు బెంచీ కింద పెట్టాడు.

నాలుగింటికి వాకిట్లో అలికిడైంది. చెరువు వాళ్లు, ఆడా మగా ఒక ముప్ఫైమంది, గేటు లోపలికి వచ్చి నిలబడ్డారు. ముందు రామాంజినప్ప. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టుతో, లుంగీ మీద ఆసుపత్రి చొక్కాతో ఉన్నాడు. అతను గడప దగ్గరే ఆగిపోయాడు. కదిరమ్మ ఒక్కతే లోపలికి వచ్చింది. నుదుటికి పసుపు అద్దిన గుడ్డ కట్టి ఉంది.

"మా ఆయన జారి పడలేదు," అంది ఎస్సైతో. "అప్పుడు భయపడి అట్లా చెప్పె. ఇప్పుడు రాసుకోండి."

ఎస్సై కిటికీలోంచి జనాన్ని చూశాడు. కాగితం తీశాడు. "ఎవరు కొట్టింది?"

కదిరమ్మ బెంచీ వైపు తిరిగి చెయ్యి చాపి చూపించింది. "ఇతనే. పేరు పిల్లప్ప. మూడు దెబ్బలు. పట్టుకున్నది మునెప్ప. చెప్పి కొట్టించింది వెంకటగిరియప్ప. కట్ట మీద నేనుంటి, ఇంకా ఆరుమంది ఆడోళ్లం ఉంటిమి."

"చూడమ్మా," అన్నాడు ఎస్సై గొంతు తగ్గించి, "ఈ పొద్దు నీ చెయ్యి పోకుండా అడ్డం పడింది ఇతనే గదా?"

"అది ఈ పొద్దు. నేను చెప్పేది మంగళవారం సంగతి."

ఎస్సై పిల్లప్పని చూశాడు. పిల్లప్ప తల ఊపాడు. "ఆమె చెప్పింది నిజమే సార్."

రాయడానికి అరగంట పట్టింది. ఎస్సై చదివి వినిపించాడు. వెంకటగిరియప్ప పేరు దగ్గర అతని గొంతు కొంచెం తగ్గితే, కదిరమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాడు. ఆమె వేలిముద్ర వేసి, సిరా మరకని గోడకి రుద్దుకుంది. కానిస్టేబుల్ పిల్లప్పని లేపి లోపలి గదికి తీసుకుపోబోతుంటే, ఆమె దారిలో నిలబడింది. మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో మెత్తదనం ఏమీ లేదు.

"పడవని మావోళ్లు ఇంటి కాడికి మోసుకొచ్చినారు," అంది. "ఇనప ముక్కుని గుంతలో పారేసినారు. ఆ నలభై రంధ్రాలకి ఏ రివెట్టు పట్టాల?"

పిల్లప్ప చూపుడువేలూ బొటనవేలూ దగ్గరికి తెచ్చి లావు చూపించాడు.

"పాత సైజు పట్టదు. తొలిచినాము గదా, రంధ్రం పెద్దదయింది. మూడు బై పదహారు అంగుళం సైజు తెచ్చుకోండి. మేస్త్రీని నా పేరు చెప్పి అడిగితే ఇస్తాడు. రేకుల నడుమ తారు గుడ్డ వెయ్యాల. తోక రివెట్టు లావుకి ఒకటిన్నరంత బయటికి ఉండాల, అంతకంటే ఎక్కువుంటే ఒరుగుతాది."

"ఎన్ని దెబ్బలు?"

"నాలుగు. ఐదోది కొడితే తల పగులుతాది. డాలీ పట్టడం నీకు చెప్పే పని లేదు."

"డాలీ ఆయన ఎడమచేత్తో పట్టుకుంటానంటా ఉండాడు," అంది కదిరమ్మ. "సుత్తి నేను కొట్టాల."

పిల్లప్ప ఆమె చేతుల వంక చూశాడు. "మణికట్టుతో కొట్టు. భుజంతో కొట్టొద్దు."

"మూడు బై పదహారు. నాలుగు దెబ్బలు," అని ఆమె తనలో తాను ఒకసారి అనుకుంది. కొంగు నడుముకి బిగించి, గడప దగ్గర నిలబడ్డ మొగుడి దగ్గరికి పోయింది. మరిచిపోకుండా అదే మాట అతనికీ చెప్పింది.